ఇగో

చెయ్యి వెనక్కి చాపి "ఇగో, తువ్వాల" అన్నాడు కైలాసం. తువ్వాల రాలేదు. తలలోంచి కారుతున్న నీళ్లు కళ్లలో పడుతుంటే కళ్లు మూసుకుని, చాపిన చేతిని అలాగే ఉంచి ఇంకాస్త ఓపిక పట్టాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ చెయ్యి వెనక్కి చాపితే చాలు, ఏది కావాలంటే అది వచ్చి పడేది. చాయ్ గ్లాసు, బొగ్గు బాయి పనికి పోయేటప్పుడు సద్దిగిన్నె, చొక్కా, గొడుగు, జ్వరమొస్తే గోలీ. ఇప్పుడు అరచేతిలో ఎండ తప్ప ఏమీ లేదు. తిరిగి చూశాడు. వెనక ఒకావిడ ఉంది. ఆమె నడుముకు తాళంచెవుల గుత్తి ఉంది, ఆ గుత్తి గలగలమంటూనే ఉంది, కానీ ఆమె తన భార్య కాదు. గోదావరి మెట్ల దగ్గర నుంచి ఇక్కడిదాకా తాను వింటూ వచ్చిన చప్పుడు ఈమె తాళాలదన్నమాట. ఎవరింటి తాళాలనో నమ్ముకుని, ఛాతీ విరుచుకుని, ఇంత దూరం ముందు నడిచి వచ్చాడు. ఆవిడ ఆయన చాపిన చేతిని అనుమానంగా చూసి పక్కకు తప్పుకుని పోయింది.

కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట పుష్కర స్నానాలు. మందమర్రి నుంచి తెల్లవారకముందే ఎక్కిన బస్సు, నిద్ర లేని కళ్లు, కాళ్ల కింద కాలుతున్న ఇసుక, ఎటు చూసినా తడి చీరలు, తడి పంచెలు, కర్పూరం వాసన, పసుపు వాసన, అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ల మరాఠీ. వెతికి వెతికి, ఇప్పుడు తప్పిపోయినవాళ్లను పిలిచే మైకు డేరాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. భార్య ఫోను తన చొక్కా జేబులో ఉంది, నీళ్లలో పడుతుందని తానే అడిగి తీసుకున్నాడు. ఆమె ఎడమ కంట్లో పొర ఉంది, పుష్కరాలయ్యాక ఆపరేషన్ చేయిస్తానన్నాడు. బోర్డు చదవలేదు, దూరపు మనిషిని పోల్చుకోలేదు, దగ్గర డబ్బు లేదు. ఇవన్నీ ఆయనకు ఒక్కొక్కటిగా కాదు, ఒకేసారి గుర్తొచ్చాయి. మైకు ముందు కూర్చున్న ఇబ్రాహీం మంథనిలో మైక్‌సెట్లు కిరాయికిచ్చే మనిషి. పెళ్లిళ్లకూ ఎలక్షన్లకూ జాతర్లకూ అరిచి అరిచి గొంతు గరుకెక్కింది. నెత్తి మీద తడి చేతిరుమాలు పరుచుకుని, "పేరు చెప్పు కాకా" అన్నాడు.

"కైలాసం."

"నీ పేరు గాదు. తప్పిపోయినామె పేరు."

పేరు నాలుక మీదికి వచ్చింది. వచ్చి, అక్కడే కూర్చుంది. "మా ఇంటామె" అన్నాడు కైలాసం.

"ఇంటామెలు గీడ లక్షమంది ఉన్నరు. జర పేరు చెప్పు. ఫికర్ జేయకు, వస్తది."

"మందమర్రి కైలాసం భార్య అను భాయ్. ఆమెకు సమజైతది."

ఇబ్రాహీం ఆయనను ఎగాదిగా చూశాడు. "నీ వయసోళ్లంతా గింతే. పొద్దట్నించి చూస్తున్న" అని గొణిగి, మైకులో మాత్రం అచ్చమైన రేడియో గొంతు పెట్టి, మందమర్రి నుంచి వచ్చిన కైలాసం గారి భార్య ఎక్కడున్నా సమాచార కేంద్రానికి రావలెనని, మీ భర్త మీ కోసం ఎదురుచూస్తున్నారని చెప్పాడు. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి, అక్కడి నుంచి నీళ్ల వైపుకు ఆ మాట పోయింది. ఎదురుచూస్తున్నారు, చూస్తున్నారు, అంటూ చివర తెగిపోయింది. కైలాసానికి కళ్లు బరువెక్కాయి. నిద్రా కాదు, మెలకువా కాదు. నీళ్ల మీద తెల్లటి వెలుగు అటూ ఇటూ కదులుతోంది. ఆ వెలుగులోంచి, ఎప్పుడో పోయిన తండ్రి, బాపు నడిచి వస్తున్నాడు. పెద్దపల్లి సంతలో నడిచినట్టే నడుస్తున్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని, మీసం ముందు, మనిషి వెనక. ఆయనకు పది అడుగుల వెనక తనను కన్న అవ్వ, నెత్తిన గంప, చంకలో చెల్లె, కొంగు పట్టుకుని తాను. బాపు ఎన్నడూ తిరిగి చూడలేదు. అవ్వ కాలికి ముల్లు గుచ్చుకుని ఆగితే, సంత దాటి ఊరి దారి పట్టాక కానీ ఆయనకు తెలియలేదు. తెలిశాక కూడా తిరగలేదు, నిలబడి బీడీ ముట్టించాడు, అంతే. "ఎనుకకు మెడ తిప్పితే మొగోడు గాదురా" అనేవాడు. మొగతనమంతా ఆ మెడలోనే దాచిపెట్టుకున్నాడు బాపు. చివరి రోజుల్లో మంచంలో పడి, తల దగ్గరే నిల్చున్న అవ్వను "ఎవలున్నరాడ? జరన్ని నీళ్లు పొయ్యున్రి" అని అడిగాడు. అవ్వ పోసింది. నేనే ఉన్నానని కూడా అనలేదు. ఆయన పోయినరోజు మేనమామ వచ్చి "సత్తీ, ఓ సత్తమ్మా" అని అవ్వను పట్టుకుని ఏడిస్తే, పెళ్లి కూడా అయిన కైలాసానికి అప్పుడు తెలిసింది, అవ్వకు ఒక పేరుందని. అవ్వ కూడా కొత్తగా విన్నట్టే మొహం పెట్టింది.

పేర్లు పోతున్నాయి మైకులో. నీళ్ల మీదుగా పోయి అవతలి ఒడ్డుకు చేరుతున్నాయేమో కూడా. ఎన్ని పేర్లు, ఎంత బాగున్నాయి పేర్లు. ఆమె పేరు కూడా బాగుంటుంది. పెళ్లయిన కొత్తలో, ఒకే ఒక్కసారి, పెరట్లో బట్టలు ఆరేస్తున్న ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఊరికే, ఆ పేరు నోట్లో ఎట్లా ఉంటుందో చూద్దామని. ఆమె తడి చేతులతోనే పరుగెత్తుకుని వచ్చి గడపలో నిలబడింది, ముఖమంతా నవ్వు. అప్పుడు బాపు అన్నం తింటున్నాడు. పళ్లెం పక్కకు జరిపి, "ఆమె ఏమన్న తప్పిపోయిందార, పేరు వెట్టి ఒర్రుతున్నవ్? ఇంట్ల ఉన్నదానికి పేరెందుకు?" అన్నాడు. క్వార్టర్ల వరసంతా ఆ మాట విన్నది. మర్నాడు బాయి దగ్గర దోస్తులు "ఏం కైలాసం, పెండ్లాం పేరు జపం చేస్తున్నవంట" అని చంపుకు తిన్నారు. అప్పటి నుంచి ఇగో. ఇగో చాయ్, ఇగో తలుపెయ్, ఇగో పిలగానికి జరమొచ్చినట్టుంది చూడు. ఆమె ఆయనను ఇన్నవా అంటుంది. ఇగో, ఇన్నవా. ఆ రెండు మాటలతోనే కాపురమంతా గడిచిపోయింది, పిల్లలు పుట్టారు, పెరిగారు. ఏ లోటూ లేదనే అనుకున్నాడు. బాపు అన్న మాట ఇప్పుడు ఇంకోలా వినిపిస్తోంది. తప్పిపోయిందార? అవును బాపూ, తప్పిపోయింది. ఇప్పుడు పిలవచ్చా?

"కాకా, వచ్చింది చూడు మీ ఇంటామె" అన్నాడు ఇబ్రాహీం.

కుర్చీలోంచి లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. డేరా ముందు ఒక ముసలామె రొప్పుతూ నిల్చుంది. కళ్లనిండా నీళ్లు. కైలాసాన్ని చూసింది. ఆయన ఆమెను చూశాడు. ఇద్దరి ముఖాలూ ఒకేసారి వాడిపోయాయి. ఆమెది పెద్దపల్లి దగ్గర పల్లె. "మీ ఆయన పేరు గూడ కైలాసమేనా అవ్వా?" అని ఇబ్రాహీం అడిగితే నోటితో చెప్పకుండా తల ఊపింది. మొగని పేరు మైకులో వినబడితే చాలు, ఊరేదో కూడా వినకుండా పరుగెత్తుకొచ్చింది పాపం. ఆయన కూడా ముందు నడిచి పోయాడట. కైలాసం కుర్చీ లేపి ఆమెకు వేశాడు. ఎందుకో ఆ ముసలామె ముఖం చూడలేకపోయాడు.

జేబులో భార్య ఫోను మోగింది. కొడుకు సుధాకర్, కరీంనగర్ నుంచి. "అవ్వా, తానమైందా?" అన్నాడు హుషారుగా.

"నేనురా."

"అవ్వేది బాపూ?"

"కనవడ్తలేదు బిడ్డా" అన్నాడు.

"నువ్వు ముంగట నడిచిపోయినవా?" కోపం లేదు ఆ గొంతులో, అది ఇంకా కష్టంగా ఉంది. "మైకుల పేరు వెట్టి పిలువు. ఇంకెవలో కాదు, నువ్వే పిలువు. నీ గొంతైతే గుర్తువడ్తది అవ్వకు. మేం బయలెల్లుతున్నం..." మధ్యలో వాడి గొంతు బొంగురుపోయింది. ఏడుస్తున్నాడు. దాచుకోను కూడా దాచుకోడు వీడు. వెనకాల "ఏమైంది సుధా" అని కోడలు నవీన గొంతు, తర్వాత లైను తెగిపోయింది. వాడంతే. బిడ్డను మొదటిరోజు బడిలో దింపి, బడి గేటు ముందే అందరూ చూస్తుండగా కళ్లు తుడుచుకున్నాడు. మొగపోరనివి, ఏడుస్తవార అంటే, "ఎందుకేడ్వద్దు బాపూ?" అని నిజంగానే అడిగాడు, వెటకారం కాదు, తెలుసుకుందామని. జవాబు కోసం తన దగ్గరున్నదంతా వెతికాడు కైలాసం, బాపు మెడ తప్ప ఏమీ దొరకలేదు. వాళ్లింట్లో పొద్దున లేస్తే నవీనా అనే మాట ఇల్లంతా తిరుగుతుంది. నవీనా ఉప్పేది, నవీనా నీ చీర ఆరింది, నవీనా ఇటు రా ఈ ఎండ చూడు ఎంత బాగుందో. ఎండ చూడడానికి పెళ్లాన్ని పిలుస్తాడు! మొదట్లో చెవులు కాలేవి. కొడుకు మోకాళ్ల మధ్య మనుమరాలు భవ్యశ్రీని కూర్చోబెట్టుకుని రెండు జడలు వేస్తుంటే, పాయలు సరిచేస్తూ నాలుక కొంచెం బయటపెడతాడు, చిన్నప్పుడు పలక మీద రాసేటప్పుడు పెట్టినట్టే. అది చూడకూడదని పేపరు అడ్డం పెట్టుకుని, పేపరు పక్కనుంచి చూసేవాడు. ఒకసారి కోడలు ఫోనులో ఎవరితోనో "మామయ్య మంచోడే, జర ఇగో ఎక్కువ" అంటుంటే విన్నాడు. నిజమే కదా అనుకున్నాడు. రోజుకు వందసార్లు ఇగో అంటాను, ఎక్కువే. ఆ మాట మీద ఆ రోజంతా కాస్త తగ్గించుకున్నాడు కూడా. ఇగో అనకపోయేసరికి ఆమెను పిలవడానికి ఇంకో మాటే లేదు. దగ్గి, గొంతు సవరించి, చివరికి గ్లాసు నేలకేసి కొట్టి చాయ్ అడిగాడు. కోడలన్న ఇగోకు ఇంగ్లీషులో వేరే అర్థముందని మనుమరాలు చెప్పేదాకా తెలియలేదు. చెప్పాక నవ్వాలో కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. ఆమె మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని సాయంత్రం దాకా నవ్వింది.

ఆ నవ్వు ఎక్కడుందిప్పుడు? జనం. జనంలో నల్లటి తలలు, నీళ్లలో నల్లటి తలలు. డేరాలో గాలి ఆగిపోయింది. పక్కనుంచి నలుగురు వలంటీర్లు నీళ్ల వైపు పరుగెత్తారు. "ఎవలో ముసలామె జారిందట" అన్నారెవరో పోతూ పోతూ. ఆ మాట చెవిలో పడగానే వెలుతురంతా ఆరిపోయింది, నిజంగానే ఆరిపోయింది. చుట్టూ బొగ్గు. టోపీ లైటు ఆరిపోయింది. బాయిలో కప్పు కూలి దారి మూసుకుపోయిన రోజది, తానూ తనతో పనిచేసే కరుణాకరూ ఇటువైపు ఉండిపోయారు. రాళ్లు తీస్తున్న చప్పుడు ఎక్కడో దూరంగా. కరుణాకర్ దేవుళ్లందరినీ వరసగా పిలుస్తున్నాడు. తాను గోడకు నుదురు ఆనించి, ఆ చల్లటి బొగ్గుకు ఆమె పేరు చెప్పాడు. చెప్పాడు, మళ్లీ చెప్పాడు, ఊపిరి తీసుకున్నప్పుడల్లా చెప్పాడు. బాపు లేడక్కడ, మీసం లేదు, మెడ లేదు. చీకట్లో మొగోడెవరో ఆడదెవరో ఏం తెలుస్తుంది, భయపడే ప్రాణి ఒకటి ఉంటుంది, అంతే. ఎప్పటికో దారి తీశారు. పైకి వచ్చి వెలుగులో కళ్లు చికిలిస్తే, బాయి గేటు దగ్గర జనంలో ఆమె. ఎన్ని గంటలుగా నిలబడిందో, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పరుగెత్తి పోవాలనిపించింది. పేరు నోట్లోనే ఉంది, వెచ్చగా ఉంది ఇంకా. దోస్తులు చూస్తున్నారు. దగ్గరికి పోయి, "ఇగో, నీళ్లున్నయా?" అన్నాడు. ఆమె సీసా ఇచ్చింది. ముందు నడిచాడు. ఆమె వెనక నడిచింది.

"భాయ్, మైకియ్యి" అన్నాడు కైలాసం.

ఇబ్రాహీం లేచి తన కుర్చీ ఇచ్చి, మైకు ఆయన నోటికి దగ్గరగా వంచాడు. మైకులో తన ఊపిరి తనకే వినిపించింది, నది మీద పెద్దగా. నాలుక అలవాటు కొద్దీ పోయే దారిలోనే పోయింది.

"ఇగో..."

గోదావరి మెట్ల మీద, ఇసుకలో, చెప్పుల కుప్పల దగ్గర, కొబ్బరికాయల దుకాణాల ముందు, ఆ వయసు ఆడవాళ్లంతా తిరిగి చూశారు. చీర పిండుకుంటున్నామె ఆగింది. దీపం వదులుతున్నామె దీపంతోనే తిరిగింది. డేరాలోని పెద్దపల్లి ముసలామె కుర్చీలోంచి సగం లేచింది. అందరి ముఖాల్లోనూ ఒకటే, నన్నేనా అన్నట్టు, ఏం తేవాలి అన్నట్టు. ఇంతమంది ఇగోలు. ఇంతమందికీ ఎక్కడో ఒకచోట, ఎవరో పెట్టిన పేరుండే ఉంటుంది. ఇబ్రాహీం నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు. "పేరు కాకా" అన్నాడు మెల్లగా.

"ఐలవ్వా" అన్నాడు కైలాసం.

మొదటి స్తంభం అన్నది, రెండోది అన్నది, నీళ్ల దగ్గరిది అన్నది. బయట వెలుతురులో ఆ పేరు వినడం ఆయనకే కొత్తగా ఉంది. బాగుంది. "ఐలవ్వా, నేను కైలాసంను. యాడున్నవే? నేను చూడకుండ ముంగటికొచ్చిన. నువ్వు కనవడ్తలేవు. నాకు భయమైతాంది ఐలవ్వా." మందమర్రి వాళ్లు విన్నారో, దోస్తులు విన్నారో, బాపు విన్నాడో. "జల్ది రావే. ఐలవ్వా, ఓ ఐలవ్వా."

"గంతగనం ఒర్రకు. గీడనే ఉన్న."

వెనకనుంచి వచ్చింది ఆ మాట. తాళాల గుత్తి గలగలమంది, ఈసారి తనింటి తాళాలే. మెడ తిప్పాడు కైలాసం, మెడతో పాటు మనిషంతా తిరిగాడు. డేరా వెనక గుడ్డ నీడలో, ఒక పెట్టె మీద, మడిచిన తువ్వాల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చీర సగం ఆరిపోయింది. మెట్ల దగ్గర జారింది ఆమె కాదు. ఆ జారినావిడ కూడా లేచి నడుచుకుంటూ పోతోందని ఎవరో చెప్తున్నారు, ఆయన వినడం లేదు.

"ఎప్పుడొచ్చినవ్?"

"నువ్వు ఇగో అన్నప్పుడే. మైకుల నీ పేరు ఇని గీ దిక్కొచ్చిన, ఇగ నీ గొంతు వట్టుకొని డేరా చేరిన."

"మరి పలుకవేంది?"

"గిన్ని ఇగోలున్నరు గీడ. ఏ ఇగోను పిలిచినవో నాకేమెరుక?" అంది. నవ్వుతోందనుకున్నాడు, కానీ నవ్వడం లేదు. పొర ఉన్న కన్నూ లేని కన్నూ రెండూ నిండి ఉన్నాయి. "బాయిల బొగ్గుకు చెప్పినవంట నా పేరు. కరుణాకర్ పెండ్లాం ఎన్నడో చెప్పింది. బొగ్గు ఇన్నది, కరుణాకర్ ఇన్నడు. నా చెవుల పడాలె గద. ఇయ్యాలనన్న అంటవా అని కూసున్న."

అన్నేళ్లుగా తెలుసు ఆమెకు. అన్నేళ్లుగా చాయ్ గ్లాసు చేతిలో పెట్టిన ప్రతిసారీ ఒక క్షణం ఆగి నిలబడేది. ఎందుకు నిలబడుతుందో అని విసుక్కునేవాడు. ఇప్పుడు ఆమె తువ్వాల అందించింది. ఆయన తల తుడుచుకోలేదు, ముఖం తుడుచుకున్నాడు.

"ఏడుస్తున్నవా?"

"ఆఁ, ఏడుస్తున్న" అన్నాడు.

ఇబ్రాహీం చేతిరుమాలు తీసి మెడ తుడుచుకుని, మైకు పెద్దపల్లి ముసలామె వైపు తిప్పాడు. "ఇగ నువ్వు పిలువు అవ్వా. శరమ్ వడకు." ఆమె సిగ్గుపడుతూనే దగ్గరికి జరిగి, చాలాసేపు ఆలోచించి, "ఇన్నవా..." అంది. ఘాట్ మీద ముసలి మగవాళ్లంతా మెడలు తిప్పారు.

ఐలవ్వ లేచి కొంగు సర్దుకుంది. ఆయన ముందు నడుస్తాడని అలవాటుగా ఆగింది. ఆయన కదల్లేదు. "నువ్వు నడువు. నీ ఎనుక నేనొస్త" అన్నాడు. ఆమె ఒకసారి ఆయన ముఖంలోకి తేరిపారా చూసి, సరేనని నడిచింది. నిదానంగా నడుస్తుందనుకున్నాడు. నిదానం లేదు, ఏమీ లేదు. ఒక కన్ను మసకైనా జనాన్ని చీల్చుకుంటూ, నడుముకు గుత్తి ఊగుతూ, బస్సుల వైపు పోతూనే ఉంది. బాయి మెట్లెక్కి దిగి అరిగిన మోకాళ్లతో ఆయన ఆ గలగల వెంట పడ్డాడు. వెనక నడవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు. ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనిపించదు. ఆ వీపును కంటితో వదిలితే పోయింది, తప్పిపోయినట్టే. పరుగులాంటి నడకతో, రొప్పుతూ, ఆ వీపునే చూస్తూ పోతున్నాడు.

ఆమె వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపింది.

"ఇగో" అంది. "జర జల్ది రా."